మెదడు సెక్షన్ల జీన్ ఎక్స్‌ప్రెషన్ డేటా: నార్మలైజేషన్ ఎలా చేయాలి?

నమస్కారమండీ. ఎలుక మెదడు సెక్షన్ల (పలుచని కోతల) మీద విజియం డేటా విశ్లేషిస్తున్నాను. విజియం అంటే టిష్యూలో ఏ చోట ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో స్పాట్ల వారీగా కొలిచే పద్ధతి. ఫ్రెష్ ఫ్రోజెన్ టిష్యూ, 10 మైక్రాన్ల మందం. ఒక్కో స్పాట్ 55 మైక్రాన్ల వెడల్పు కాబట్టి దాంట్లో నాలుగైదు కణాలు కలిసిపోవడం మామూలే, దాని గురించి కాదు నా ప్రశ్న.

హిప్పోక్యాంపస్‌లో పిరమిడల్ న్యూరాన్లు కిక్కిరిసిన పొర మీద యూఎంఐలు (ఒక్కో ఆర్‌ఎన్‌ఏ అణువును లెక్కించే గుర్తులు, అంటే మన కౌంట్లు) చాలా ఎక్కువ వస్తున్నాయి. ఆ పైనే ఉన్న కార్పస్ కలోసంలో (మెదడు రెండు సగాలను కలిపే నరాల తంతువుల పట్టీ) బాగా తక్కువ. టిష్యూ స్వభావమే అంత కదా, ఇందులో టెక్నికల్ లోపమేమీ లేదు. కానీ నార్మలైజేషన్ కోసం, అంటే స్పాట్లను ఒకదాంతో ఒకటి పోల్చదగ్గ స్థాయికి తేవడానికి, ప్రతి స్పాట్‌నీ దాని మొత్తం కౌంట్‌తో భాగించి లాగ్ తీసుకుంటే ఈ నిజమైన తేడా కాస్తా చదునైపోతోంది. ఎస్‌సీట్రాన్స్‌ఫార్మ్ (సింగిల్ సెల్ డేటా కోసం వచ్చిన ఇంకో నార్మలైజేషన్ పద్ధతి) వాడితే క్లస్టర్ల (ఒకే తీరు స్పాట్ల గుంపుల) హద్దులే జరిగిపోయాయి. పోనీ నార్మలైజ్ చేయకుండా వదిలేద్దామా అంటే, ఒక సెక్షన్‌కి అంచు మడతపడింది. అక్కడి కౌంట్లను ఎలాగూ నమ్మలేను.

మా సీనియర్లను అడిగితే "అందరూ వాడేదే వాడెయ్" అన్నారు. సింగిల్ సెల్ డేటాకి ఆ మాట సరిపోతుందేమో, ఇక్కడ మాత్రం నాకు మనసొప్పడం లేదు.

పొరలను గుర్తించడానికి ఒక పద్ధతి, సెక్షన్ల మధ్య పోలికకు ఇంకో పద్ధతి వాడితే రివ్యూయర్లు ఒప్పుకుంటారా? ఫలితాన్ని సరిచూడటానికి అలెన్ మెదడు అట్లాస్‌లోని (అందరికీ అందుబాటులో ఉన్న మెదడు పటాల సంకలనం) ఇన్ సిటు చిత్రాలతో, అంటే టిష్యూలోనే జన్యువు ఎక్కడ పనిచేస్తోందో చూపే చిత్రాలతో, పోల్చడం సరిపోతుందా, లేక రెండు మూడు జన్యువులకైనా మేమే ఆర్‌ఎన్‌ఏస్కోప్ (ఎంచుకున్న జన్యువుల ఆర్‌ఎన్‌ఏను టిష్యూలోనే మైక్రోస్కోప్ కింద చూపే పరీక్ష) చేయాలా? మడతపడిన చోటి స్పాట్లను లూప్ బ్రౌజర్‌లో (విజియం డేటా చూసే సాఫ్ట్‌వేర్) చేత్తో ఎంచి తీసేస్తున్నాను, ఇంతకంటే మంచి దారి ఉంటే అదీ చెప్పండి.