బెంగళూరు తెలుగు లా స్టూడెంట్స్ టెలిగ్రామ్ గ్రూప్ నా చేతికొచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి

నాగరభావి_లా_కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను ఇక్కడ బెంగళూరులో మూడేళ్ళ ఎల్ఎల్‌బీ ఫైనల్ ఇయర్, మాది అనంతపురం. పుస్తకాలు మోయకుండా ల్యాప్‌టాప్‌లోనే నోట్స్ రాసుకుని అందులోనే జడ్జిమెంట్లు చదువుకునే తెలుగోళ్ళం కొంతమంది కలిసి ఒక టెలిగ్రామ్ గ్రూప్ పెట్టుకున్నాం, ఇన్నాళ్ళూ మా సీనియర్ చూసుకునేవాడు, ఆయన బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా ఎన్‌రోల్ అయ్యి కోర్టుకి వెళ్తున్నాడు కాబట్టి ఇప్పుడు నాకు అప్పజెప్పాడు.

గ్రూప్‌లో మంచి మనుషులున్నారు, అడిగితే రాత్రి పన్నెండింటికి కూడా జవాబు ఇస్తారు. కానీ ఫైళ్ళు చూస్తే భయమేస్తోంది. "క్రిమినల్ లా ఫైనల్", "క్రిమినల్ లా ఫైనల్ 2", "లేటెస్ట్" ఇలా పేర్లు, తెరిస్తే సగం ఇప్పుడు రద్దయిన పాత ఐపీసీ, ఫస్ట్ ఇయర్ పిల్లలు అవే బట్టీ పట్టి 302, 420 అంటున్నారు. డబ్బులు పెట్టి కొనాల్సిన కామెంటరీలు (చట్టాన్ని వివరించే పుస్తకాలు) స్కాన్ చేసి పెట్టేస్తున్నారు. మొన్న మూట్ (కాలేజీలో పెట్టే ఉత్తుత్తి కోర్టు పోటీ) మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, కోసం ఒక జూనియర్ ఏఐని అడిగి నాలుగు కేసులు తెచ్చాడు, పేర్లు చూస్తే నిజమే అనిపిస్తాయి, వెతికితే అందులో రెండు ఎక్కడా లేవు. పైగా ఊళ్ళ నుంచి ఎవరెవరో చేరి మా బావమరిదిని స్టేషన్‌లో కూర్చోబెట్టారు ఏం చేయాలి అని అడుగుతున్నారు, వాళ్ళ బాధ చూసి పిల్లలు తోచింది చెప్పేస్తున్నారు, ఏ ఒక్కటి తప్పయినా ఎవరు చూసుకుంటారు?

ఇలాంటివి నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే దారి చెప్పండి. మూసేయాలని మాత్రం లేదు, కన్నడ రాకుండా ఈ ఊరికి కొత్తగా వచ్చిన పిల్లలకి ఇదొక్కటే ఆధారం.

మారతహళ్ళి_కోడర్:

తమ్ముడూ, నేను సాఫ్ట్‌వేర్‌లో ఉంటూ సాయంత్రం కాలేజీలో ఎల్ఎల్‌బీ చేసినవాణ్ణి, ముందు నోట్స్ సంగతి చూడు, మిగతావి తర్వాత. పాత ఐపీసీ నోట్స్ డిలీట్ చేస్తావేమో, అస్సలు చేయకు. ఐపీసీ బదులు బీఎన్ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్ఎస్ఎస్, సాక్ష్య చట్టం బదులు సాక్ష్య అధినియం, ఈ కొత్త చట్టాలు అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న, అంతకుముందు జరిగిన నేరానికి ఇప్పటికీ ఐపీసీనే, కోర్టుల్లో ఆ కేసులు ఇంకా ఏళ్ళ తరబడి నడుస్తాయి. కాబట్టి పాతవి ఒక ఫోల్డర్, కొత్తవి ఒక ఫోల్డర్, ప్రతి ఫైల్ పేరులో ఏ చట్టం, ఎవరు రాశారు, ఏ నెలలో సరిచూశారు అనేది ఉండాలి. అది లేని ఫైల్ గ్రూప్‌లో పెట్టనివ్వకు.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే ఒక్క నంబర్ చూడు, 482. సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు స్వతఃసిద్ధ అధికారాలు, ఎఫ్ఐఆర్ కొట్టేయమని వేసే పిటిషన్. అదే 482 బీఎన్ఎస్ఎస్‌లో ముందస్తు బెయిల్, పాత 438 అన్నమాట. పాత 482 ఏమో ఇప్పుడు 528కి పోయింది. ఏ చట్టమో రాయకుండా "యు/ఎస్ 482" (అంటే అండర్ సెక్షన్ 482) అని రాసి పెట్టిన నోట్ చదివి ఒక పిల్ల పరీక్షలో క్వాషింగ్ గురించి రాయాల్సిన చోట ముందస్తు బెయిల్ రాసిందనుకో, ఆ అమ్మాయి తప్పు ఏముంది అందులో? ఐపీసీలో హత్యకి ఉన్న 302 కాస్తా బీఎన్ఎస్‌లో 103 అయ్యింది, 420 ఏమో 318(4), ఇవి అందరికీ తెలుస్తాయి, ఇలాంటి ఒకే నంబర్లే ముంచుతాయి. గ్రూప్‌లో అందరూ కలిసి ఒక షీట్‌లో పాత సెక్షన్ కొత్త సెక్షన్ పట్టిక కట్టండి, రాస్తూ ఉంటేనే సగం చదువు అయిపోతుంది.

సివిల్_కోర్టు_అక్క:

నేను ఇక్కడ సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను, మాది కర్నూలు.

పీడీఎఫ్‌ల గురించి. కోర్టు తీర్పు ఎంతమందికైనా పంచుకోవచ్చు తమ్ముడూ, కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(క్యూ) చదువు, కోర్టే వద్దని చెప్తే తప్ప అడ్డు లేదు. కానీ తీర్పులు అచ్చేసి అమ్మే ప్రైవేట్ రిపోర్టర్ పుస్తకంలో ఎడిటర్లు పేరాలు విడగొట్టి నంబర్లు వేసి, ఏ జడ్జి ఒప్పుకున్నారు ఎవరు విభేదించారు అని రాసి పెడతారు చూడు, దానికి రక్షణ ఉందని సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ మోదక్ కేసులో 2007 డిసెంబర్‌లో చెప్పింది. అది స్కాన్ చేసి పెట్టడం, కామెంటరీ మొత్తం పెట్టడం ఆపించు. అవసరం కూడా లేదు. ఇండియన్ కానూన్ 2008 నుంచి ఫ్రీగా ఉంది, సుప్రీంకోర్టు అధికారిక రిపోర్టులు ఈ-ఎస్‌సీఆర్‌లో 2023 జనవరి నుంచి ఫ్రీ, కొన్ని తీర్పులకి తెలుగు అనువాదం కూడా దొరుకుతుంది, బేర్ యాక్టులకి, అంటే వివరణలేమీ లేని చట్టం పాఠానికి, ఇండియా కోడ్ ఉంది. పుస్తకం స్కాన్ పెట్టే పిల్లాడిని తిట్టకు, ఆ లింకులు పిన్ చేసి పెట్టు, డబ్బుల్లేక చేస్తున్నారు వాళ్ళు.

ఇంక బావమరిది గురించి అడిగేవాళ్ళు. చదువుకునే పిల్లలు ఒకరి కేసులో ఇది చెయ్యి అది చెయ్యి అని చెప్పకూడదు, ప్రాక్టీస్ చేసే హక్కు అడ్వకేట్స్ చట్టం 1961 ప్రకారం ఎన్‌రోల్ అయినవాళ్ళకే. కానీ కష్టంలో ఉన్నవాడికి "ఇక్కడ అడగకండి" అని ఒక్క మాట చెప్పి వదిలేయడం నాకు నచ్చదు. 15100కి ఫోన్ చేయమని చెప్పండి, లీగల్ సర్వీసెస్ అథారిటీ నంబర్ అది. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి 1987 చట్టం కింద లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, ఆదాయంతో సంబంధం లేదు. చాలామందికి ఈ సంగతే తెలీదు. ఆ మెసేజ్ తెలుగులో ఒకటి రాసి రెడీగా పెట్టుకో.

ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌గా నీ మీదకి వస్తుందేమో అనే భయం ఉంటే, బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో వాట్సాప్ గ్రూపుల కేసుల్లో మెంబర్ పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడు అన్నాయి. అయినా తప్పు అని తెలిశాక ఉంచకు, వెంటనే తీసెయ్.

మైలాపూర్_నుంచి_సుధ:

నేను చెన్నైలో ఫైనల్ ఇయర్, మా గ్రూప్‌లో కూడా ఈ ఏఐ కేసుల గొడవ వచ్చింది. మేం ఒకే ఒక్క రూల్ పెట్టాం, సైటేషన్ (కేసు పేరు, నంబర్) పెట్టేవాళ్ళు తీర్పు లింకు, తను చదివిన పేరా స్క్రీన్‌షాట్ రెండూ పెట్టాలి. సుప్రీంకోర్టు 2023లో న్యూట్రల్ సైటేషన్, అంటే ప్రతి తీర్పుకీ కోర్టే ఇచ్చే నంబర్, తెచ్చింది కదా, 2023 ఐఎన్ఎస్‌సీ అని పక్కన నంబర్ ఉంటుంది, దాంతో రెండు నిమిషాల్లో కేసు ఉందో లేదో తేలిపోతుంది. జూనియర్లకి మాటా వర్సెస్ అవియాంకా చదివించండి, న్యూయార్క్‌లో 2023లో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని కేసులు కోర్టులో ఫైల్ చేస్తే 5,000 డాలర్లు జరిమానా పడింది. ఏఐ వాడొద్దని మేం ఎవరికీ చెప్పలేదు, చెప్పినా వినరు, చదవకుండా పెట్టొద్దని మాత్రమే చెప్పాం, వింటున్నారు.

నాగరభావి_లా_కుర్రాడు:

అక్కా, సుధగారూ, అన్నా, చాలా థాంక్స్. ఫోల్డర్లు ఈ వారమే మొదలుపెడతా. ఒక్క సందేహం, రూల్స్ పెడితే పిల్లలు సైలెంట్ అయిపోతారేమో, అందరూ కలిసి చేసే పని ఏదైనా ఉంటే బాగుంటుంది కదా, కంప్యూటర్ వచ్చిన లా స్టూడెంట్స్‌కి పనికొచ్చేది?

సివిల్_కోర్టు_అక్క:

ఉంది. హ్యాష్ నేర్పించు, అంటే ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కకట్టి తీసే వేలిముద్ర లాంటి కోడ్. ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించిన పాత 65బీ స్థానంలో సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 వచ్చింది, 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ వాల్యూ రాయాలి, పార్ట్ ఏ సాక్ష్యం తెచ్చినవాళ్ళు, పార్ట్ బీ ఎక్స్‌పర్ట్ నింపాలి. కోర్టులో పెద్ద పెద్ద సీనియర్లు కూడా ఆ గడి దగ్గర ఆగిపోయి జూనియర్ల వైపు చూస్తున్నారు.

ఒక ఆదివారం అందరూ ల్యాప్‌టాప్‌లు తెరిచి కూర్చోండి. నోట్‌ప్యాడ్‌లో రెండు లైన్లు రాసి సేవ్ చేసి, కమాండ్లు కొట్టే విండో పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కొట్టి ఫైల్ పేరు ఇస్తే 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ వస్తుంది, కాగితం మీద రాసుకోమను. తర్వాత చివర్లో ఒక్క చుక్క పెట్టి మళ్ళీ తీయమను, మొత్తం మారిపోతుంది. ఆ తర్వాత ఒక ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా ఒకసారి, డాక్యుమెంట్‌గా ఒకసారి పంపించి రెండిటి హ్యాష్ చూడమను. మామూలుగా పంపింది సైజు తగ్గిపోయి ఒరిజినల్‌తో కలవదు, డాక్యుమెంట్‌గా పంపింది కలుస్తుంది. క్లయింట్ ఫోన్‌లోంచి సాక్ష్యం ఎలా తీసుకోవాలో ఆ పిల్లలు ఇంక జన్మలో మర్చిపోరు. తేదీ ఖాయం చేసి ఇక్కడ పెట్టు, నేను కూడా వస్తా, ఖాళీ సర్టిఫికెట్ ఫారాలు ప్రింట్ తీసుకొస్తా, అందరూ చేత్తో నింపుదురుగాని.