రాజమండ్రిలో సైకిలు మీద డ్యూటీకి: ఏటిగట్టు దారి అడగాలా, మెయిన్ రోడ్డులో చోటు అడగాలా?

ధవళేశ్వరం కుర్రోడు:
2027లో పుష్కరాలు. పుష్కరాలంటే ఘాట్లతో పాటు రోడ్ల పనులూ ఉంటాయి. ఈ అదనులోనే సైకిళ్ళ గురించి ఒక అర్జీ పెడదామని మా వీధిలో కొందరం అనుకుంటున్నాం. ధవళేశ్వరం నుంచి ఊళ్ళోకి రోజూ సైకిలు తొక్కుకుంటూ పనికెళ్ళేవాళ్ళం బాగానే ఉన్నాం. దూరం ఆరేడు కిలోమీటర్లే, అంతా చదునే. దూరం ఎవరికీ భారం కాదు, బండ్ల టెన్షనే.

నేననేది ఇదీ. బ్యారేజీ దగ్గర నుంచి పుష్కర ఘాటు, కోటిలింగాల రేవు దాకా ఏటి వెంబడే సైకిళ్ళకు విడిగా ఒక బాట అడుగుదాం. ఒక పక్కంతా గోదావరే కాబట్టి ఆ వైపు సందుల్లోంచి ఏ బండీ దూసుకురాదు. సైకిలు వాణ్ణి గుద్దేది ఎక్కువగా మలుపుల దగ్గరే, ఇక్కడ సగం మలుపులు మొదట్లోనే తీసేసినట్టు. మెయిన్ రోడ్డులో తెల్లగీత గీసి సైకిలు బొమ్మ వేయిస్తే వారం తిరక్కుండా దాని మీద కార్లు, వాటి పక్కన బజ్జీల బండి. అది మనందరికీ తెలిసిందే.

మీరేమంటారు? "రెండూ అడగండి" అని మాత్రం అనకండి. రెండూ అడిగితే ఏదీ రాదు.

లాకులపేట:
తమ్ముడూ, నేను కాలవల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏటిగట్టు మీద తారు వేసినంత మాత్రాన అది రోడ్డైపోదు, వరదకట్ట. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడోది ఇచ్చారంటే గట్టు మీద ఇసుక బస్తాలు, ట్రాక్టర్లు, రాత్రంతా టార్చిలైట్లతో కాపలా. 1986 ఆగస్టు చూసినవాళ్ళకీ, మొన్న 2022 జులై చూసినవాళ్ళకీ వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో నీ బాట ఉండదు. మరి ఆ పది రోజులూ డ్యూటీకి ఎటు వెళ్తావు?

సైకిళ్ళు తిరిగితే గట్టుకు నష్టమేమీ లేదు. నా భయమల్లా బాట పేరు చెప్పుకుని వెనకాలే వచ్చేవాటి గురించి. బెంచీలంటారు, పూలమొక్కలంటారు, ఫొటోలు దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలంటారు, ఒక్కోదానికీ గట్టు తవ్వుతారు. గట్టులో నీరు ఊరడం మొదలయ్యేది అలా తవ్వి వదిలేసిన చోటా, చెట్టు వేరు కుళ్ళిన చోటా, ఎలక బొరియ పెట్టిన చోటా. సరదాకి చెప్పడం లేదు.

ధవళేశ్వరం కుర్రోడు:
మాష్టారూ, గట్టు తవ్వమనలేదండీ. ఉన్న తారు మీదే లారీలు, కార్లు రాకుండా ఆపి సైకిళ్ళకు వదలమంటున్నా. వరద రోజుల్లో ఊళ్ళోంచే వెళ్తాం. ఆ పది రోజుల కోసం మిగతా ఏడాదంతా వదులుకోవాలా?

యాక్సిలేటర్:
అసలు సైకిలు మీద డ్యూటీకి ఎవరు వెళ్తున్నారు సార్ ఈ రోజుల్లో? దేవీచౌక్ దగ్గర ఒక గంట నిలబడి లెక్కపెట్టండి. బైకులకే చోటు చాలడం లేదు. రోడ్డు ఏమైనా రబ్బరా సాగదీయడానికి? నలుగురి కోసం ఒక వరుస తీసేస్తే మిగతా ఊరంతా ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలి. ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి, వాయిదాల్లో ఇస్తున్నారు. ఈ ఉక్కపోతలో చెమటలు కక్కుకుంటూ ఆఫీసుకి వెళ్ళడం దేనికి? వ్యాయామం కావాలంటే ఆదివారం పొద్దున తొక్కుకోండి, ఎవరు కాదన్నారు?

పంక్చర్ కొట్టు:
ఎవరు వెళ్తున్నారో నన్నడగండి, చెప్తాను. కడియపులంక, బుర్రిలంక వైపు నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళు, మగవాళ్ళు. తాపీ పనివాళ్ళు, క్యారియర్‌కి తాపీ, మట్టపుకర్ర కట్టుకుని. రాత్రి వాచ్‌మన్లు. పాలవాళ్ళు, పూలమ్మేవాళ్ళు. హైస్కూలు పిల్లలు సరేసరి. వీళ్ళు ఆరింటికీ ఏడింటికీ దాటేస్తారు. మీరు పదింటికి దేవీచౌక్‌లో నిలబడి లెక్కపెడితే ఎలా కనపడతారండీ? హెల్మెట్టు, రంగు బనీను వేసుకుని తొక్కేవాళ్ళే సైకిలు వాళ్ళంటే మాత్రం మీ లెక్క కరెక్టే, నలుగురే ఉంటారు.

వాయిదాల స్కూటరు అంటారు. వాయిదా కట్టగలిగితే మా కొట్టుకెందుకొస్తారు?

గట్టు గురించి కూడా ఒక మాట. ఇసుక ర్యాంపులున్న చోట ట్రాక్టర్లు తడి ఇసుక రోడ్డంతా జార్చుకుంటూ వెళ్తాయి. మలుపులో దాని మీద బ్రేకు వేస్తే ముందు చక్రం పక్కకు పోతుంది. ఆ ఇసుకే చైనులో చేరి ఆరు నెలల్లో పళ్ళచక్రం అరగదీస్తుంది. గట్టు దారి వాళ్ళ సైకిలు చైను చూడగానే చెప్పేస్తాను. మెయిన్ రోడ్డు వాళ్ళవి వేరే రోగాలు. తారు అంచు తెగిపోయి జానెడు కిందకు కంకర ఉంటుంది, అక్కడ దిగితే రిమ్ము వంగిపోతుంది. దిగకుండా లోపలికి జరిగితే వెనక బస్సువాడు హారన్. మురుగుకాలవ మీద వేసే ఇనపజాలీ చువ్వలు రోడ్డుకి అడ్డంగా ఉండాలి. చాలా చోట్ల నిలువుగా బిగించేస్తున్నారు, సన్న టైరు సరిగ్గా ఆ సందులో దిగిపోతుంది. బాట సంగతి తర్వాత, ఆ జాలీలు తిప్పించినా సగం పుణ్యం.

రెండో షిఫ్టు:
నేను ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. సైకిలు మీదే వెళ్తాను, ధవళేశ్వరం వైపే మా ఇల్లు. ఇంతసేపూ అందరూ పొద్దున్న డ్యూటీకి వెళ్ళే దారి గురించే మాట్లాడుతున్నారు. నాకు కావలసింది రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఇంటికి వచ్చే దారి.

కుర్రోడు గారు చెప్పిన గట్టు పొద్దున చాలా బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. మధ్యాహ్నం డ్యూటీకి నేనూ అటే వెళ్తాను. రాత్రి మాత్రం వెళ్ళను. ఒక పక్క ఏరు ఉంది కాబట్టి సందులు లేవన్నారు, నిజమే. ఎవడైనా వెంటపడితే నేను తిరగడానికీ సందు ఉండదు. మీరు మంచిదన్నది రాత్రి నాకు చెడ్డదవుతోంది. అక్కడక్కడ మందు తాగే గుంపులు, కుక్కలు, లైట్లు ఉన్నా సగం వెలగవు. మెయిన్ రోడ్డులో భయం వేస్తే ఏ మందుల షాపు ముందో ఆగుతాను. గట్టు మీద ఎవరి ముందు ఆగాలి?

సురక్షితం అంటే బండ్లు గుద్దకపోవడం ఒక్కటే కాదండీ. అర్జీలో గట్టు ఒక్కటే అడిగితే పగటి డ్యూటీ మగవాళ్ళ కోసం అడిగినట్టు. బాట పడ్డాక, "మీకు విడిగా దారి ఇచ్చాం కదా, మళ్ళీ మెయిన్ రోడ్డు మీదకు ఎందుకొచ్చారు?" అని మమ్మల్నే అంటారు.

కొవ్వూరు అల్లుడు:
నర్సు గారు చెప్పిన ఆఖరి మాట నూటికి నూరుపాళ్ళు. ఆ "మీకు విడిగా ఉంది కదా" అనేది చాలా ప్రమాదం.

నాది వేరే ఏడుపు. అత్తారిది కొవ్వూరు, నా పనీ అక్కడే, ఉండేది రాజమండ్రిలో. ఏరు దాటాలి. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద, కింద రైలు, పైన మేము. అటొక వరుస, ఇటొక వరుస, అంతే. సైకిలు తొక్కుతుంటే వెనకాల బస్సుకి దాటే చోటుండదు, నాకు తప్పుకునే చోటుండదు. దానికి తోడు వేసవి సాయంత్రం పైరగాలి పక్కనుంచి కొడుతుంది, హ్యాండిలు గట్టిగా పట్టుకోకపోతే మనం వెళ్ళే దారి అది నిర్ణయిస్తుంది. 2015లో వచ్చిన నాలుగో వంతెన వెడల్పే, కానీ ఊరి బయట, బండ్లు వందలో పోతాయి. ధవళేశ్వరం బ్యారేజీ మీంచి విజ్జేశ్వరం తిరిగి రావడమంటే చుట్టూ ప్రదక్షిణ.

ఈ మూడింటి మధ్య హేవలాక్ వంతెన ఉంది. 1997 నుంచి దాని మీద రైలు లేదు. దాదాపు మూడు కిలోమీటర్లు, నేరుగా, లారీ అనేది రాని వంతెన. దాన్ని పర్యాటకం కింద బాగుచేస్తామంటున్నారు, మంచిదే. చేసేటప్పుడు టిక్కెట్టు లేకుండా పొద్దున్నా సాయంత్రం సైకిళ్ళకు వదలమని అడగండి. అర్జీ పెట్టేవాళ్ళు ఇంతకన్నా గట్టిది ఏం అడుగుతారు?

యాక్సిలేటర్:
సైకిళ్ళ కోసం వంతెన! ఇక హెలికాప్టర్ కూడా అడగండి.

కొవ్వూరు అల్లుడు:
వంతెన కట్టమనలేదండీ, ఉన్న దాని మీద చెక్కలు పరచమంటున్నా.

డ్రాయింగ్ బోర్డు:
పాలిటెక్నిక్‌లో రోడ్ల పాఠం చెప్తాను కాబట్టి కొంచెం పుస్తకం మాట.

సైకిలు బాట అనేది మన దగ్గర కొత్త కోరికేమీ కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే దాని కొలతలు రాసింది, 2015లో తిరగరాసింది. పుస్తకం ఉంది, రోడ్డు వేసేటప్పుడు తెరిచేవాళ్ళు తక్కువ. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ అనే సెక్షన్ కలిపారు. రోడ్డు డిజైన్‌లో, పనిలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతేనో, వైకల్యం వస్తేనో బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాస్తే చదివేవాళ్ళు కాస్త నిటారుగా కూర్చుంటారు.

హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల బాట వేశారు, పైన సోలార్ పలకల కప్పు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ పొద్దున తొక్కి కారెక్కి ఇంటికెళ్ళేవాళ్ళకు అది పనికొచ్చినంతగా ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు పనికిరాదు. ఏటిగట్టు బాట కూడా అలాగే అవుతుందేమోనని నా అనుమానం. బాట బాగుండడం కాదు, మన ఇంటి ముందు మొదలై పనిచేసే చోటు ముందు ఆగాలి. గట్టు దిగి జాంపేటకో దానవాయిపేటకో వెళ్ళే ఆఖరి కిలోమీటరు మళ్ళీ ఆ రోడ్డు మీదే కదా!

నన్నడిగితే బాటకన్నా ముందు వేగం. మనుషులు, బండ్లు కలిసి తిరిగే వీధుల్లో గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్ సదస్సులో చాలా దేశాలు కూర్చుని రాసుకున్నాయి. దానికి గీతలతో, బాటలతో పనిలేదు. సరైన కొలతతో వేసిన స్పీడ్ బ్రేకర్లు, మలుపు దగ్గర ఇరుకు చేసిన మూలలు చాలు. యాక్సిలేటర్ గారికీ నష్టం లేదు, దేవీచౌక్‌లో ఇప్పుడు మీరు వెళ్ళే సగటు వేగం అంతకన్నా తక్కువే.

యాక్సిలేటర్:
అది మాత్రం నిజమే. కానీ 30 అంటే మోరంపూడి దగ్గర హైవే మీద కూడానా?

డ్రాయింగ్ బోర్డు:
హైవే మీద కాదు. హైవే మీద సైకిలు తొక్కకపోవడమే మంచిది. వేమగిరి, కడియపులంక వైపు వెళ్ళేవాళ్ళు సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా దాని మీదే ఉండండి. జంక్షన్ దాటేటప్పుడు దిగి నడిపించుకుంటూ దాటండి. ఎడమకు తిరిగే లారీకి ఎడమ పక్కన ఎప్పుడూ ఆగకండి, క్యాబిన్‌లో ఉన్నవాడికి మీరు కనపడరు. ముందుకైనా వెళ్ళాలి, వెనకైనా ఉండాలి.

లాకులపేట:
కడియం వాళ్ళకి హైవే కాకుండా ఇంకో దారి ఉంది కదా, కాలవగట్టు. ధవళేశ్వరం నుంచి కడియం లాకుల దాకా తూర్పు డెల్టా ప్రధాన కాలవ. పూర్వం పడవలు లాగేవాళ్ళు నడిచిన గట్టు అది. ఏటిగట్టుకున్న వరద బెడద దానికి అంతగా లేదు. కొన్నిచోట్ల గుడిసెలు పడ్డాయి, కొన్నిచోట్ల చెత్త పోస్తున్నారు. పక్కన రెయిలింగు ఉండదు, వానాకాలం నిండుకాలవ పక్కన జారితే కష్టం. ఏటా వేసవిలో కాలవ కట్టేస్తారు, అప్పుడే మరమ్మతులన్నీ. చేయదలుచుకుంటే ఆ నెలన్నరలో రెయిలింగులూ పెట్టొచ్చు. నర్సరీ పనివాళ్ళు ఎక్కువన్నాడు కదా కొట్టు ఆయన, మరి వాళ్ళ దారి ఎవరూ అడగరే?

పంక్చర్ కొట్టు:
అడిగారు మాష్టారూ, మీరే అడిగారు. వాళ్ళు సాయంత్రం ఐదున్నరకు దిగిపోతారు, కాబట్టి చీకటి గొడవ కూడా తక్కువ. చలికాలంలో తప్ప.

ధవళేశ్వరం కుర్రోడు:
సరే, అర్జీ ఇలా రాస్తున్నా. ఏటిగట్టు బాట అడగడం మానను. పగలు తొక్కేవాళ్ళకి అంతకన్నా మంచి దారి ఈ ఊళ్ళో లేదు, ఈ మాట మీద నేను తగ్గను. కానీ "విడిగా బాట" అన్న మాట తీసేసి "లారీలు, కార్లు రాని దారి" అని రాస్తాను, మెయిన్ రోడ్డు మీద మన హక్కు పోకుండా. దానికన్నా పైన, మొదటి పేరాలో, కోటిపల్లి బస్టాండు నుంచి ధవళేశ్వరం దాకా మెయిన్ రోడ్డులో వేగం, లైట్లు, తారు అంచులు, జాలీలు. కడియం కాలవగట్టు రెయిలింగులు. హేవలాక్ సంగతి ఆఖర్న.

కొవ్వూరు అల్లుడు:
ఆఖర్నా! అల్లుడికి ఆఖరి బంతేనన్నమాట.

రెండో షిఫ్టు:
"లైట్లు కావాలి" అని ఊరికే రాస్తే "ఉన్నాయి కదా" అంటారు. ఏ స్తంభం నుంచి ఏ స్తంభం దాకా వెలగడం లేదో రాయాలి. దానికి ఆదివారం పొద్దున రైడ్ పెట్టుకుంటే లాభం లేదు. ఈ గురువారం నా డ్యూటీ అయ్యాక, రాత్రి తొమ్మిదింటికి, కోటిపల్లి బస్టాండు దగ్గర కలవండి. పోయేటప్పుడు గట్టు మీంచి, వచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు మీంచి. ఒకరు రాసుకుంటూ రావాలి. యాక్సిలేటర్ గారూ, మీరూ రండి.

యాక్సిలేటర్:
నాకు సైకిలు లేదు.

పంక్చర్ కొట్టు:
అద్దెవి రెండున్నాయి. బ్రేకు రబ్బర్లు మార్చి ఉంచుతాను. ఎత్తు ఎంతో చెప్పండి, సీటు సరిచేయాలి.