నిప్పుకు రెండు రెసిస్టెన్స్‌లు ఉంటే డ్యామేజ్ పావు వంతు అవుతుందా?

ప్రశ్న:
మేము ప్రతి ఆదివారం పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌ను 2014 నాటి నియమాలతో ఆడుతున్నాము. నా పాత్ర టీఫ్లింగ్ (దెయ్యాల రక్తం ఉన్న జాతి) బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే యోధుడు). పుట్టుకతోనే నిప్పుకు రెసిస్టెన్స్ (ఆ రకం డ్యామేజ్‌ను, అంటే తగిలే దెబ్బను, సగం చేసే గుణం) ఉంది. పైగా ఎలుగుబంటి టోటెమ్ (రక్షక జంతువు) ఎంచుకున్నందువల్ల, రేజ్‌లో (పోరాట ఆవేశంలో) ఉన్నంతసేపూ సైకిక్ (మనసుకు తగిలే దెబ్బ) తప్ప మిగిలిన అన్ని రకాల డ్యామేజ్‌కూ రెసిస్టెన్స్ వస్తుంది. మొన్న ఎర్ర డ్రాగన్ నిప్పులు కక్కినప్పుడు, మా దగ్గర పదహారు పాచికలు లేక ఎనిమిదింటినే రెండుసార్లు వేసి కాగితం మీద కూడితే 57 వచ్చింది. సేవింగ్ త్రో (దెబ్బను తప్పించుకోవడానికి వేసే పాచిక) నెగ్గాను కనుక సగమై 28, ఒక రెసిస్టెన్స్‌కు 14, రెండోదానికి 7 అని నేను లెక్క చెప్పాను. డీఎం (ఆట నడిపే డంజియన్ మాస్టర్) మాత్రం 14 దగ్గరే ఆగారు. నాకు మిగిలినవి 11 హిట్ పాయింట్లే (ప్రాణబలం). ఎవరి లెక్క సరైనది?

జవాబు 1:
మీ డీఎం గారి లెక్కే సరైనది. ఒకే రకం డ్యామేజ్‌కు ఎన్ని చోట్ల నుంచి రెసిస్టెన్స్ వచ్చినా దాన్ని ఒక్కటిగానే లెక్కించాలని నియమం స్పష్టంగా చెబుతోంది. సేవింగ్ త్రో వల్ల సగమయ్యేది రెసిస్టెన్స్ కాదు కాబట్టి అది విడిగా వర్తిస్తుంది. అందుకే 57 కాస్తా 28, ఆపై 14 అయింది. భిన్నం వచ్చిన ప్రతిసారీ కిందికే సవరించాలి.

చాలామంది తడబడేది వరుస దగ్గర. కూడికలు, తీసివేతలు అన్నీ ముగిశాకే రెసిస్టెన్స్. ఉదాహరణకు 21 డ్యామేజ్‌లో 3 తగ్గించే కవచ నైపుణ్యం ఉంటే, ముందు 18, తరువాత 9. తిప్పి చేస్తే 10లోంచి 3 పోయి 7 వస్తుంది, అది తప్పు. అలాగే మండే కత్తి కోతగా 11, నిప్పుగా 7 కొట్టినప్పుడు, నిప్పుకు మాత్రమే రెసిస్టెన్స్ ఉన్నవారికి తగిలేది 11కు 3 కలిపి 14. మొత్తం 18ని సగం చేయకూడదు.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే పాత ఆటగాడిగా ఒక మాట. 2003లో వచ్చిన ఇదే ఆట 3.5 ఎడిషన్ నియమాల్లో రెసిస్టెన్స్‌కు సగం చేయడం లేదు, తీసివేతే ఉండేది. అస్థిపంజరానికి డ్యామేజ్ రిడక్షన్ 5. మొద్దు ఆయుధంతో కొడితే తప్ప ప్రతి దెబ్బలోంచీ 5 పోయేది. కత్తితో 9 కొడితే తగిలేది 4, గదతో 9 కొడితే మొత్తం 9. దీని ప్రభావం ఆటతీరు మీదే పడుతుంది: చురకత్తితో ఆరేసి చొప్పున నాలుగు పోట్లు పొడిచినవాడికి దక్కేది 4 మాత్రమే, పెద్ద ఖడ్గంతో ఒక్క వేటుకు 24 కొట్టినవాడికి 19. ఐదో ఎడిషన్ పద్ధతిలో ఇద్దరికీ 12 దక్కుతుంది. లెక్క సులువైంది నిజమే, కానీ ఏ ఆయుధం తీయాలా అని సంచి వెతుక్కునే సరదా తగ్గిందని నా అభిప్రాయం. ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్, దాని 2019 నాటి రెండో ఎడిషన్ ఇప్పటికీ తీసివేతనే పాటిస్తుంది. అందులో బలహీనతకు చెందిన అంకెను ముందు కలిపి, ఆ తరువాతే రెసిస్టెన్స్ తీసేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకే రకానికి రెసిస్టెన్స్, వల్నరబిలిటీ (డ్యామేజ్ రెట్టింపయ్యే బలహీనత) రెండూ ఉంటే ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయా?

జవాబు 1:
దాదాపు కొట్టుకుపోతాయి, కానీ పూర్తిగా కాదు. ముందు సగం చేసి తరువాత రెట్టింపు చేయాలి కాబట్టి 23 కాస్తా 11 అయి, 22 దగ్గర తేలుతుంది. బేసి సంఖ్య అయితే ఒకటి తగ్గడం మీకు కలిసొస్తుంది. 2024 నియమాల్లోనూ వరుస ఇదే.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది. అంటే 11లోంచి 14 పోయి నా బార్బేరియన్ సున్నాకు పడిపోయినట్టే. వచ్చే ఆదివారం డెత్ సేవింగ్ త్రోతోనే (ప్రాణం నిలుస్తుందో లేదో తేల్చే పాచికతో) మొదలుపెడతాను.