జామపండు వాసనా, పరిమళమా?

నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌తో ఆయన పాత స్నేహితుడు, కొలంబియా పాత్రికేయుడు ప్లీనియో అపులేయో మెందోసా జరిపిన సంభాషణలు 1982లో పుస్తకంగా వచ్చాయి. స్పానిష్ పేరు ‘ఎల్ ఒలోర్ దె లా గ్వయాబా’. ఇంగ్లీషు అనువాదంలో ఆ ‘ఒలోర్’ పరిమళమైంది. తెలుగులో ఏమనాలి? ‘జామపండు పరిమళం’ అని రాసుకున్నాను కానీ నాలుక ఒప్పుకోవడం లేదు.

— ఒప్పుకోదు లెండి. పరిమళం మల్లెలకు, అగరుబత్తులకు. ఒలోర్ అంటే ఉత్త వాసన. పైగా ఆ పేరు పుట్టిన వాక్యంలో ఉన్నది కుళ్లిన జామ! ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్ దగ్గర తాను నేర్చుకున్నదేమిటో చెబుతూ, ఉష్ణమండలం గుట్టంతా ఒక కుళ్లిన జామపండు వాసనలో ఇమిడిపోతుందంటాడు మార్క్వెజ్. తమాషా ఏమిటంటే అక్కడ ఆయన వాడింది ‘ఫ్రగాన్సియా’. పుస్తకం పేరుకు మామూలు మాట, కుళ్లిన పండుకు సువాసన!

చిన్నప్పుడు దసరా సెలవులకు ముందు బడిసంచిలో జామపండు మరిచిపోయాను. తెరిచేసరికి వాచకం అట్టకు గుజ్జు అంటుకుని, గింజల మీద చీమలు. తియ్యటి వాసనే, కానీ కడుపులో తిప్పింది. ఆ పుస్తకాన్ని ఏడాదంతా అలాగే చదివాను. దాన్ని పరిమళమనడానికి నాకు నోరు రాదు.

— అయితే ‘కంపు’ అనండి. పాత తెలుగులో అది మంచి వాసన కూడా. కన్నడంలో ఇప్పటికీ మల్లెకు కంపే.

— నిజమే. కానీ అట్ట మీద ‘జామపండు కంపు’ అని కనిపిస్తే ఈ రోజుల్లో ముక్కు మూసుకుంటారు. ‘తావి’ అందామా, బంగారానికి అబ్బడం తప్ప దానికి వేరే పని లేదు.

నా ఓటు వాసనకే. ‘పూర్వజన్మ వాసన’ అంటాం చూడండి, జన్మ పోయినా వదలనిది. మార్క్వెజ్ 1961లో మెక్సికో చేరాడు. మధ్యలో కొన్నేళ్లు బార్సిలోనాలో కాపురం. కలం మాత్రం కొలంబియాలో తాను పుట్టిన ఊరు అరకటాకా చుట్టూనే తిరిగింది. ఒలోర్‌లో లేని ఈ అర్థం మనకు ఊరికే దొరుకుతోంది, ఎందుకు వదులుకోవాలి?

— బాగుంది కానీ ఒక చిక్కు. మా ఇంట్లో ‘వాసన వస్తోంది’ అంటే ఏదో పాడైందనే.

— ఇక్కడ పాడైనదే కదండీ పండు!