చర్చి ఆర్గనిస్టు వదిలి వెళ్ళిన రెండు ట్రంకు పెట్టెల కాగితాలు: ముందు ఏది ముట్టుకోవాలి? (గుంటూరు; చర్చావేదికలో ప్రశ్న, జవాబులు, ఒక్కోదాని పైన రాసినవాళ్ళ మారుపేరు)

అరండల్‌పేట

గుంటూరులో ఒక లూథరన్ సంఘానికి 1948 నుంచి 1985 దాకా ఆర్గన్ వాయించి, క్వాయర్ నడిపి, సొంతంగా స్వరాలు కట్టిన ఒక పెద్దాయన కాగితాలు ఇప్పుడు సంఘం చేతికి వచ్చాయి. ఆయన 1987లో పోయారు. పేరు ఇక్కడ రాయొద్దని కుటుంబం వాళ్ళు కోరారు.

పెట్టెల్లో ఉన్నవి: సిరాతో రాసిన స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) షీట్లు సుమారు 140, ఏ4 కంటే పెద్దవి. రూళ్ళ నోటుపుస్తకాలు 9, వాటి నిండా చిన్న ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కోలన్లు. సైక్లోస్టైల్ (స్టెన్సిల్ మీదుగా సిరాతో తీసిన) కాపీలు కట్టలు కట్టలు. ఊదారంగు రాత ఉన్న కాగితాలు కొన్ని. ఉత్తరాలు, క్రిస్మస్ ప్రోగ్రాం కార్డులు, ఆర్గన్ రిపేరు బిల్లులు, 11 క్యాసెట్లు.

రెండో పెట్టె అడుగున తుప్పు, చెమ్మ. వెండిరంగు పురుగులు తిరుగుతున్నాయి, కొన్ని పుస్తకాలకు సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు. సంఘంలో ఒకరు లామినేషన్ చేయిద్దామంటారు, ఇంకొకరు జిరాక్స్ తీసి పాతవి తీసేద్దామంటారు, "ఆ సైక్లోస్టైల్ చెత్త ఎందుకు" అని మూడో మాట. ఏది ముందు, ఏది తర్వాత? వీటిని అచ్చు వేసే హక్కు ఎవరిది?

కాగితంపని

లామినేషన్ మాట ఇంకోసారి ఎత్తనివ్వకండి. వేడికి ప్లాస్టిక్ కాగితం నారలోకి దిగిపోతుంది, మళ్ళీ ఊడదీయడం కుదరదు. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి దాన్ని తింటూనే ఉంటుంది. సెల్లోటేప్ కూడా అంతే, పదేళ్ళకు టేపు ఊడిపోయి గోధుమరంగు జిడ్డు మరక మిగులుతుంది.

కట్టలు విప్పకముందే ఫొటోలు తీయండి: పెట్టె మూత తీసినట్టు, ఒక్కో కట్ట పైనుంచి, పక్కనుంచి. ఏ కాగితం ఏ కాగితం పక్కన ఉందన్నదే చాలాసార్లు తేదీ చెబుతుంది. 1962 ప్రోగ్రాం కార్డు ఒక పాట షీట్ల మధ్య ఉంటే ఆ పాటకు అంతకంటే సాక్ష్యం దొరక్కపోవచ్చు. పాటల పేర్ల ప్రకారం సర్ది పెడదామనే ఉత్సాహాన్ని కొన్నాళ్ళు ఆపుకోండి. నంబరు వెనకవైపు కింది మూలన, మెత్తటి 2బి పెన్సిల్‌తో, ఒత్తకుండా: పెట్టె, కట్ట, షీటు. 1-04-017 అన్నట్టు. బాల్ పెన్నూ వద్దు, స్టాంపూ వద్దు.

తర్వాత చెమ్మ. తడి తగిలినవి విడిగా తీసి, ఇంట్లో బట్టపైనో తెల్ల బ్లాటింగ్ పేపరు పైనో పరిచి, ఫ్యాను గాలి నేరుగా కాగితం మీదకు కాకుండా గదిలో ఆడేలా పెట్టండి. ఎండలో వేయకండి. మన రోహిణి కార్తె ఎండకు సిరా తేలిపోయి, కాగితం అప్పడంలా వంకర పోతుంది. బూజు కనిపిస్తే అది పూర్తిగా ఆరాకే, ఎన్95 మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపాలి.

పురుగులకు మందు కొట్టొద్దు, నాఫ్తలీన్ గోళీలు కాగితాల మధ్య వేయొద్దు. ఎండిన వాటిని రెండు పాలిథీన్ కవర్లలో గాలి పిండేసి టేపు వేసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 లేదా 20 డిగ్రీల వద్ద రెండు వారాలు ఉంచితే పురుగులూ గుడ్లూ చస్తాయి. ఇంటి ఫ్రిజ్‌లోని ఐసు అర పనికిరాదు, చల్లదనం నిలకడగా ఉండదు. ఐస్‌క్రీం షాపు పెట్టెలాంటిది కావాలి. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పకండి, విప్పితే చల్లటి కాగితం మీద నీళ్ళు పట్టేస్తాయి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. క్యాసెట్లు, ఫొటోలు ఫ్రీజర్‌లోకి వద్దు.

సిరా సంగతి. బ్లూబ్లాక్ సిరా గోధుమరంగుకు తిరిగి, గీత చుట్టూ నీడ కమ్మి, కాగితం వెనక్కి కనిపిస్తుంటే అది ఇనుము కలిసిన సిరా. తడి తగిలితే దాని తినుడు ఎక్కువవుతుంది. మీరు చెప్పిన ఊదారంగు రాత కాపీయింగ్ పెన్సిల్‌ది కావచ్చు: పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు, తేమ తగిలిన చోట మాత్రం గాఢమైన ఊదా. వేలు తడి చేసి పేజీ తిప్పితే చాలు, పాట మీద వేలిముద్ర అచ్చవుతుంది. మొత్తం ఒకేలా ఊదాగా ఉంటే స్పిరిట్ డూప్లికేటర్ (పాతకాలపు కాపీ యంత్రం) కాపీ. అది వెలుతురుకు వెలిసిపోతుంది, ముందు స్కాన్ చేయాల్సింది దాన్నే. బాల్ పెన్ రాత దగ్గర శానిటైజర్ చేతులు పెట్టకండి.

తుప్పు గుండుసూదులు లాగితే కాగితంతో సహా వస్తాయి. సూదికీ కాగితానికీ మధ్య చిన్న పాలిస్టర్ (పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు) ముక్క దూర్చి, పల్చటి కత్తి మొనతో పైకి లేపాలి. చిరిగిన చోట జపనీస్ టిష్యూ (పల్చటి, గట్టి నార కాగితం), గోధుమ స్టార్చ్ జిగురు: ఒక వంతు స్టార్చ్, ఐదు వంతుల నీళ్ళు, సన్నటి సెగ మీద తిప్పుతూ అర్ధగంట, చల్లారాక జల్లెడ పట్టి పల్చన చేయడం. స్టార్చ్ అంటే మైదా కాదు. పోస్టర్లు అంటించే మైదా జిగురు పురుగులకు విందు. ఇనుప సిరా గీతల మీద మాత్రం ఏ నీటి జిగురూ వద్దు.

దాచేది మేడమీద గదిలో కాదు, నేలమీదా కాదు. గోడకు కాస్త ఎడంగా, కాళ్ళున్న స్టీలు ర్యాకు మీద. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి, 65 దాటితే బూజు. ఆమ్లం లేని ఫోల్డర్లని అమ్మేవాళ్ళను నమ్మకుండా, ఆమ్లం ఉందో లేదో చూపే పీహెచ్ పెన్‌తో గీత గీసి చూడండి: ఊదా వస్తే సరే, పసుపు వస్తే తిరిగిచ్చేయండి. పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్ పర్వాలేదు. పెన్సిల్ రాతలున్నవి మాత్రం పాలిస్టర్‌లోనూ పెట్టకండి, అందులోని స్టాటిక్‌కు పెన్సిల్ పొడి లేచి అంటుకుంటుంది. అన్నట్టు, కందిపప్పు డబ్బాలో వేసినట్టు ఎండుమిరపకాయలు వేసే అలవాటు గుంటూరులో ఉంది. వాటికీ పురుగు పడుతుంది, మరకా అవుతుంది.

నాలుగుగొంతులు

ఆ నోటుపుస్తకాలు చిత్తు రాతలు కావండి, అసలు సరుకే అవి. దాన్ని టానిక్ సోల్ఫా అంటారు. ఇంగ్లండులో జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, మిషన్ల ద్వారా మన చర్చిలకు చేరింది. డి, ఆర్, ఎం, ఎఫ్, ఎస్, ఎల్, టి అంటే డో రే మీ ఫా సోల్ లా టీ.

చదివేటప్పుడు జరిగే తప్పులు దాదాపు ఇవే. కోలన్ ఒక బీటును ఇంకో బీటు నుంచి వేరుచేస్తుంది, చుక్క బీటును సగం చేస్తుంది, కామా పావు చేస్తుంది. అడ్డగీత ఉంటే ముందు స్వరం సాగుతుంది. ఏమీ రాయకుండా ఖాళీ వదిలితే అది నిశ్శబ్దం, సాగదీయడం కాదు. పురుగు చేసిన రంధ్రం చుక్కలా, సైక్లోస్టైల్ సిరా చిట్లిన మచ్చ కామాలా కనిపిస్తాయి కాబట్టి ఒక్క గొంతు చూసి నిర్ణయించకండి. నాలుగు గొంతుల (సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్) వరసల్లోనూ, రెండు నిలువు గీతల మధ్య ఉండే ఆ బార్‌లో బీట్లు కూడాలి. ఆల్టోలో మూడు, మిగతా వాటిలో నాలుగు వస్తే మచ్చ ఎక్కడుందో తెలిసిపోతుంది.

అక్షరం పక్కన పైన చిన్న గీత ఉంటే పై స్థాయి, కింద ఉంటే కింది స్థాయి. టెనర్, బాస్ వరసలు ఈ పద్ధతిలో అసలు పలికే స్థాయి కంటే ఒక స్థాయి పైన రాస్తారు. ఇది తెలియక స్వరాలు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం మ్యూజ్‌స్కోర్‌లో ఎక్కిస్తే టెనర్ వెళ్ళి సొప్రానో నెత్తిన కూర్చుంటుంది, "ఈయనకు హార్మనీ రాదు" అనేస్తారు పాపం.

పైన "డో ఈజ్ జి" అంటే జి మేజర్. "లా ఈజ్ ఇ" అంటే ఇ మైనర్. మధ్యలో ఒక స్వరం పక్కనే చిన్న అక్షరం ఇంకొకటి కనిపిస్తే అది కొట్టివేత కాదు: కీ (ఆధార శ్రుతి) మారుతోంది, పాత సోల్ ఇక్కణ్ణుంచి కొత్త డో అని చెప్పే వంతెన.

తెలుగు కీర్తనల మీద రాగం, తాళం రాసి ఉంటే కేటలాగులో తప్పక ఎక్కించండి. గమకం ఈ అక్షరాల్లో పట్టదు, ఆ శీర్షికే దానికి మిగిలే ఆనవాలు. మిశ్రచాపు ఏడు అక్షరాల్ని 3, 4గా విడగొట్టిన బార్లు కనిపిస్తే తప్పనుకుని సరిచేయొద్దు.

అరండల్‌పేట

చాలా ఉపయోగమండి. ఒక్క సందేహం: ఒకే పాటవి నలభై సైక్లోస్టైల్ కాపీలు ఉన్నాయి. అన్నీ ఉంచాలా? కొన్ని పాటలకు స్టాఫ్ నొటేషన్ అసలు కనిపించడం లేదు, ఈ కాపీలే ఉన్నాయి.

నాలుగుగొంతులు

శుభ్రంగా ఉన్నవి రెండు, పెన్సిల్ గీతలున్నవి అన్నీ. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ మెల్లగా పాడాలో క్వాయర్ వాళ్ళు రాసుకున్నదే ఆ పాట నిజంగా ఎలా వినిపించిందో చెబుతుంది. మిగతావి తీసేసేముందు నాలుగు గొంతులూ దొరికాయో లేదో చూసుకోండి. సొప్రానో 38 కాపీలుండి బాస్ ఒక్కటే ఉండొచ్చు, ఆ ఒక్కటీ పోతే పాట పోయినట్టే. స్కోరు లేని పాటను గొంతుల కాపీల నుంచే తిరిగి కూర్చాలి. సైక్లోస్టైల్ కాగితం నాసిరకం, ఆమ్లం ఎక్కువ. పక్కనున్న మంచి షీటు మీద గోధుమరంగు నీడ పడుతుంది కాబట్టి వేరే ఫోల్డర్లో పెట్టండి.

టిఫ్‌ఫైల్

జిరాక్స్ నలుపు తెలుపు తప్ప చూడదు. ఆర్గనిస్టులు ఎర్ర పెన్సిల్‌తో స్టాపులు (ఆర్గన్ నాదం మార్చే పిడులు), నీలంతో మార్పులు రాస్తారు, రెండూ ఒకటైపోతాయి. రంగులో, 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు). ఏ4 పేజీ ఒక్కోటి సుమారు 46 ఎంబీ అవుతుంది, వెయ్యి పేజీలకు 46 జీబీ. అదేమంత భారం కాదిప్పుడు. రెండు హార్డ్ డిస్కులు, రెండూ ఒకే బీరువాలో కాకుండా.

పెద్ద షీట్లను స్కానర్ మీద రెండు ముక్కలుగా తీయొద్దు. కెమెరాను స్టాండుకు నిలువుగా బిగించి, రెండు దీపాలు 45 డిగ్రీల్లో. చెరిపేసిన స్వరాలున్న చోట ఒక దీపం ఆర్పి, రెండోదాన్ని కాగితానికి దాదాపు సమాంతరంగా పెట్టి ఇంకో ఫొటో తీస్తే పెన్సిల్ ఒత్తిడి గాడులు నీడల్లో లేస్తాయి. ఖాళీ వెనకవైపులూ తీయండి.

కేటలాగులో పాట మొదటి పాదంతో పాటు మొదటి రెండు మూడు బార్ల స్వరాలు కూడా ఎక్కించండి. ఒకే ట్యూనుకు మూడు పాటలు, ఒకే పాటకు రెండు ట్యూన్లు ఉంటాయి, మాటలతో వెతికితే దొరకవు. ఛందస్సు అంకెలు (ఒక్కో పాదంలో అక్షరాల లెక్క, 8.7.8.7 లాంటివి) ఒక గడిలో. 1990ల తర్వాత ఎవరైనా సాహిత్యాన్ని అను అనే పాత (యూనికోడ్ కాని) ఫాంట్లలో టైపు చేసి ఉంటే యూనికోడ్‌లోకి మార్చాకే వాడండి, లేకపోతే తెరమీద పిచ్చి గుర్తులు వస్తాయి.

క్యాసెట్లు: మొదట, వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. వేవ్ ఫైలుగా తీయండి, ఎంపీ3గా కాదు.

వకీలుచూపు

కాగితం ఎవరిదన్నది వేరు, హక్కు ఎవరిదన్నది వేరు. పెట్టెలు సంఘం దగ్గరున్నంత మాత్రాన అచ్చు వేసే హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. 1987లో పోతే 2047 డిసెంబరు 31 దాకా. హక్కు వారసులది. అందుకని వాళ్ళతో రాతపూర్వకంగా, ఏ పని ఎంతకాలం ఎక్కడ అన్నది రాయించుకోండి.

రెండు మెలికలున్నాయి. ఆయన బతికుండగా ఎక్కడా ప్రచురణ కాని రచన పోయాక తొలిసారి అచ్చయితే, అప్పటినుంచి 60 ఏళ్ళ లెక్క (సెక్షన్ 24). కానీ అదే సెక్షన్ కింద, బహిరంగంగా పాడినా ప్రచురించినట్టే. క్రిస్మస్ ఆరాధనలో పాడినట్టు ప్రోగ్రాం కార్డు చూపిస్తే ఆ పాటది 2047 లెక్కే కావచ్చు. కార్డులు పారేయొద్దనడానికి ఇదింకో కారణం. రెండోది, ఆయన సంఘంలో జీతానికి ఉండి, ఉద్యోగంలో భాగంగా కట్టిన స్వరాలైతే మొదటి హక్కుదారు సంఘమే అనే వాదన వస్తుంది (సెక్షన్ 17). నియామకపు కాగితం వెతకండి. సాహిత్యం వేరొకరిదైతే వాళ్ళ లెక్క విడిగా. ఆయన రాసిన హార్మనీకి హక్కుంటుంది, దాని కింద ఉన్న పాత ట్యూనుకు కాదు.

కాగితంపని

అసలు కాగితాలు స్థానికంగా ఉంచలేకపోతే బెంగళూరు యునైటెడ్ థియాలాజికల్ కాలేజీలో చర్చి కాగితాల ఆర్కైవ్స్ ఉన్నాయి, అడగండి. గుంటూరు మిషన్ 1842లో ఫాదర్ హయ్యర్‌తో మొదలైంది, అమెరికా లూథరన్లది. కాబట్టి అటువైపు ఉత్తరాల జాడ ఇల్లినాయ్‌లోని లూథరన్ ఆర్కైవ్స్‌లో వెతకొచ్చు. విజయవాడ వైపు సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) సంఘాలవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మీ కాగితాల జోడీ బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉండే అవకాశం ఎక్కువ.

నాలుగుగొంతులు

ఆర్గన్ రిపేరు బిల్లుల గురించి ఎవరూ అడగలేదు. అవి విడిగా, తేదీ వరసలో పెట్టండి. రీడ్ ఆర్గన్‌లో డయాపేసన్, డల్సియానా, ఫ్లూట్ లాంటి స్టాపుల పేర్లు స్కోరు అంచున రాసి ఉంటాయి, మోకాలితో నెట్టే స్వెల్ (శబ్దం పెంచే మీట) గుర్తు కూడా. ఒక ఏడాది నుంచి ఒక స్టాపు పేరు షీట్లలో కనిపించడం మానేస్తే రుచి మారిందనుకోకండి. బిల్లు చూడండి, ఆ రీడ్లు పలకడం మానేసి ఉండొచ్చు, లేదా గాలితిత్తి తోలు చిరిగి గాలి పోతూ ఉండొచ్చు. ఆర్గన్ ఇంకా చర్చిలో ఉంటే స్టాపుల పేర్లు ఎడమనుంచి కుడికి వరసగా రాసుకుని, వెనక చెక్క తీసి సీరియల్ నంబరు ఫొటో తీయండి. దాన్ని పాత ఇనుముకు వేసేలోపు.