అప్‌డేట్: సోసస్‌వ్లీలో గేటు లోపలే ఉన్నాం

నమీబియా ఎడారిలో ఎర్ర ఇసుక దిబ్బలుండే సోసస్‌వ్లీ చూడటానికి పార్కు లోపలి రిసార్ట్ తీసుకోవాలా, బయటిది సరిపోతుందా అని అడిగాను కదా. లోపలే ఉండమన్న వాళ్లందరికీ చాలా థాంక్స్.

పార్కులోకి వెళ్లే సెస్రీమ్ గేటు బయటివాళ్లకు సూర్యోదయానికి తెరుస్తారు. లోపల బస చేసినవాళ్లు గంట ముందే బయల్దేరవచ్చు. సోసస్‌వ్లీ దాకా ఇంకా 60 కిలోమీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి ఆ గంట కోసమే అదనపు ఖర్చు పెట్టొచ్చు. మేం చేరేసరికి ఎర్ర ఇసుక దిబ్బకు ఒకవైపు ఎండ, ఇంకోవైపు చిక్కటి నీడ, మధ్యలో కత్తితో గీసినట్టు అంచు. అక్కడే దిబ్బల మధ్య ఎండిపోయిన మడుగు డెడ్‌వ్లీలో తెల్లటి బంకమట్టి నేల మీద వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన చెట్లు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. గాలిలో తేమ లేక కుళ్లలేదు. దయచేసి వాటిని ముట్టుకోకండి, ఎక్కకండి.

రోడ్డు గురించి టెన్షన్ అక్కర్లేదు. గేటు దాటాక తారు రోడ్డే. చివరి 5 కిలోమీటర్లు మాత్రం మెత్తటి ఇసుక, ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందే. మేం షటిల్ ఎక్కాం.

గదిలో వైఫై అంతంతమాత్రమే. మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చలికాలంలో వెళ్తే స్వెటర్ మర్చిపోకండి.