సమస్య: ఆమ్లజనియె లేని యామ్లమొకటి

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, సమస్య చివరి పాదం. ఆమ్లజని అంటే మన ఆక్సిజనే. గ్రీకులో ‘ఆక్సిస్’ పులుపు, ‘జెనీస్’ కనేది. గంధకం, భాస్వరం కాల్చి నీటిలో కలిపితే ఆమ్లాలు వచ్చాయి. దాంతో పులుపంతా ఈ వాయువు చలవేనని ఫ్రెంచి రసాయనవేత్త లావోయిజర్ ఆ పేరు ఖాయం చేశాడు. ఇక కానివ్వండి.

పద్యప్రియ:
పులుపు తండ్రి యనుచు పొందుగా పేరిడి
పుస్తకమున జేర్చి పొంగిపోవ
ఉప్పు నీటి బిడ్డ యొక్కటి యెదురయ్యె
ఆమ్లజనియె లేని యామ్లమొకటి

హైడ్రోక్లోరిక్ ఆమ్లం పాత పేరు మ్యూరియాటిక్. లాటిన్‌లో ‘మ్యూరియా’ ఉప్పునీరు.

నిర్వాహకుడు: ‘ఉప్పు నీటి బిడ్డ’ భేష్! కానీ ‘యొక్కటి’ అన్నాక మళ్లీ ‘ఒకటి’ పునరుక్తి. ‘యొయ్యన నెదురయ్యె’ అంటే గణాలూ యతీ చెడవు.

లఘువు:
పచ్చ గాలి యొకటి పరికించి డేవియే
మూలకమ్మటంచు ముడిని విప్పె
ఉదకజనని తోడ నూరేగి కన్నది
ఆమ్లజనియె లేని యామ్లమొకటి

పద్యప్రియ: 1810లో ఇంగ్లండు రసాయనవేత్త డేవీ మూలకమని తేల్చిన క్లోరిన్ సంగతి కదండీ. బాగుంది గానీ కన్నది ఎవరు? వరస చూస్తే డేవీయే కన్నట్టుంది! ‘ఉదజనియును తాను నొక్కటై కన్నది’ అంటే కర్త కాస్త తేటపడుతుంది (ఉదజని అంటే హైడ్రోజనే). ఊరేగింపు కూడా తప్పుతుంది.

గురులఘు:
నామకరణ మందు నలుగురిలో నొక్క
బెర్తొలేయె చూపె విషము నందు
పేరు పెట్టు నపుడె, పెనువింత కాదొకో,
ఆమ్లజనియె లేని యామ్లమొకటి

1787లో కొత్త రసాయన నామావళి రాసిన నలుగురిలో బెర్తొలే ఒకడు. ప్రష్యన్ నీలం అనే రంగు నుంచి వచ్చే విషామ్లంలో ఆక్సిజన్ లేదని ఆయన చూపించిందీ ఆ ఏడే.

లఘువు: రెండో పాదంలో బె–వి యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: నిక్షేపంగా. పఫబభలకు వకారంతో మైత్రి ఉంది, ఎ–ఇ స్వరమైత్రి సరే. నా ఓటు దీనికే. పేరు పెట్టిన ఇంట్లోనే గుట్టు బయటపడిందని మరెవరూ పట్టలేదు.

గురులఘు: అసలు పేర్లు తారుమారు అయ్యాయండీ. హైడ్రోజన్‌కు ‘నీరు కనేది’ అని పేరు, కానీ 18 గ్రాముల నీటిలో 16 గ్రాములు ఆక్సిజనే. ఈ రెండు ఆమ్లాల్లోనూ ఉన్నది హైడ్రోజన్.

నిర్వాహకుడు: తూకం మాట నిజమే. కానీ హైడ్రోజన్ మండితే మిగిలేది నీరే కాబట్టి ఆ పేరును తప్పనలేం. వచ్చే వారం దాని మీదే కుస్తీ పట్టండి: ‘నీరు పుట్టె మండు నిప్పులోన’.